ఒంగోలుసీమ క్రైస్తవుల మూడు వర్జనములు

మతాంతరస్వీకారమును గుఱించి వ్రాసినవారిలో పెక్కండ్రు సంఖ్యలతో తృప్తినొందిరి. ఏ సంవత్సరమున నెందఱు బాప్తిస్మము పొందిరి, ఏ తాలూకాలో నెన్ని ప్రార్థనాలయములు వెలసెను అను లెక్కలు సులభముగా దొరకును. నదిలో మునిగి లేచిన మనుష్యుడు మఱునాడు తన పల్లెకు మరలివచ్చి, వెనుకటి రైతునకే చెప్పులు కుట్టుచు, వెనుకటి బాటలనే నడచుచు, నిన్నటికంటె వేఱుగా నెట్లు బ్రదికెను అను ప్రశ్నకు మాత్ర మా లెక్కలలో సమాధానము లేదు. మతము మనుష్యుని నిత్యవ్యవహారమును తాకినదా, పేరును మాత్రమే మార్చినదా యని తెలిసికొనుట కీ ప్రశ్నయే గీటురాయి.

తెలుగునాట ఈ పరీక్షకు మిక్కిలి తగినది ఒంగోలుసీమ. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నిచ్చట మాదిగలు వేలకొలదిగా క్రైస్తవులైరి. తొలినాళ్ళలో వారికి బోధింపబడిన నియమములు ముఖ్యముగా మూడు. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. అక్షరములు రానివారు సయితము ఒక్కమాఱు విని జ్ఞాపకముంచుకొనదగిన మాటలివి. వీనిలో త్రిత్వవిచారము గాని, మోక్షస్వరూపనిర్ణయము గాని లేదు. అయినను వీని మూలమున గ్రామములలో పుట్టిన కలత యల్పము కాదు. ఊరిని పల్లెతో బంధించిన ముడులను ఈ మూడు వర్జనములును మూడు చోట్ల తాకినవి. మొదటిది కాలమును, రెండవది కూటిని, మూడవది కొలువును తాకెను. ఒంగోలు క్రైస్తవుల ప్రత్యేకత యేమియో, దాని కేమి వెల చెల్లినదో ఈ మూడింటిని విడివిడిగా పరిశీలించినగాని తెలియదు.

పూర్వరంగము

అమెరికా బాప్తిస్టు సంఘమువారి తొలి బోధకుడైన శామ్యూల్ డే 1836లో తెలుగుదేశమునకు వచ్చి, విశాఖపట్టణము, శ్రీకాకుళము, చెన్నపట్టణములలో కొంతకాలము పనిచేసి, 1840లో నెల్లూరున స్థిరపడెను. పదుమూడేండ్లు గడచినను ఫలము వ్రేళ్ళపై లెక్కింపదగినంతయే. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ శాఖను మూసివేయుదమా యను చర్చ బయలుదేరెను. పటములో తెలుగుదేశమున కెల్ల నెల్లూరొక్కటియే చుక్కగా నుండుటచే దీనిని 'ఒంటిచుక్క' యనిరి. ఆ పేరే సభికుల మనస్సులను కరగించి శాఖను నిలిపినది. 1854 జనవరి 1వ తేదీ వేకువను లైమన్ జూయెట్ దంపతులును, వారి తెలుగు సహచరులు కొందఱును ఒంగోలు కొండపై ప్రార్థించిరి. ఆ కొండ తరువాత ప్రార్థనకొండ యని ప్రసిద్ధి కెక్కెను.

న్యూయార్కు రాష్ట్రమున 1836లో జన్మించిన జాన్ ఎవరెట్ క్లౌ తొలుత మిన్నెసోటా సీమలో భూములు కొలుచు సర్వే పనివాడు. ఆయన 1865లో నెల్లూరు చేరి, మఱుసటియేట ఒంగోలున కాపురముండెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలో చేరినది. 1970లో ప్రత్యేకజిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము జిల్లా యను నామము కలిగినది. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘ మేర్పడునాటికి అందలి సభ్యులు ఎనమండుగురు మాత్రమే.

ఆ దినములలోనే క్లౌ ఒక ధర్మసంకటమున చిక్కుకొనెను. ఒంగోలు పట్టణమునందలి పైజాతులవారు ఆయనయెడ సుముఖులై, తమ పిల్లలను బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము తొలగిపోదుమని వారు స్పష్టముగా చెప్పిరి. ఆయనయు ఆయన భార్యయు ఏమి చేయవలయునో తోచక, ఒకరికి తెలియకుండ నొకరు వేఱువేఱు గదులలో వేదపుస్తకమును తెఱువగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లోకమున బలహీనులను నీచులను దేవు డేర్పరచుకొనెనని చెప్పు ఘట్టమే కనబడెనని క్లౌ వ్రాసికొనెను. అదే కాలమున మచిలీపట్టణమున చర్చి మిషనరీ సంఘమువారు రాబర్టు నోబిల్ పాఠశాల ద్వారమున అగ్రవర్ణ బాలురనుండి తమ పని నారంభించియుండిరి. ఒంగోలు వేఱొక మార్గమును పట్టినది. ఈ నిర్ణయముతో మాదిగపల్లెలే ఒంగోలు క్రైస్తవమునకు ఉనికిపట్టులయ్యెను.

ఎఱ్ఱగుంట్ల పేరయ్య

ఈ మార్గమున మొదట నడచినవాడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య. ఆయన ఒంగోలునకు పడమట నున్న తాళ్ళకొండపాటి ప్రాంతమువాడు, తోళ్ళ వ్యాపారి. ఈయన చరిత్రము క్లౌ రెండవ భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన 'వైల్ సోయింగ్ శాండల్స్' అను గ్రంథమున సవిస్తరముగా కలదు. వృద్ధులైన మాదిగ బోధకుల నోట విని ఆమె వ్రాసికొన్న కథ లందు పొందుపఱుపబడినవి. పరదేశీయుల రచన యైనను, పల్లెలలోని మతవృత్తాంతమును పల్లెవారి మాటగా గ్రహింప యత్నించిన గ్రంథ మగుటచే చరిత్రకారుల కిది విలువైనది.

పేరయ్య క్రైస్తవుడు కాకమునుపే రాజయోగి. పోతులూరి వీరబ్రహ్మముగారి సంప్రదాయమునకు చెందిన రాజయోగమార్గమును ఆయన బండికట్ల వీరమ్మ యను స్త్రీ గురువువలన నేర్చెను. ప్రాణాయామము నభ్యసించి, తానును కొందఱు శిష్యులకు ఉపదేశించెను. రాతిబొమ్మలలో దేవుడు లేడనియు, ఆత్మలో వెదుకవలయుననియు పల్లెలలో చెప్పినది క్రైస్తవబోధకులు మొదటివారు కారు. వేమన వాక్కులును, వీరబ్రహ్మముగారి తత్త్వములును అంతకు మునుపే ఆ బీజమును చల్లియుండెను. వర్తకమునకై ఉత్తరమునకు, గోదావరి ప్రాంతములవైపు పోయినప్పుడు పేరయ్య క్రైస్తవబోధ వినెను. తిరిగివచ్చి భార్య నాగమ్మకు చెప్పెను. 1866లో దంపతు లిరువురును బాప్తిస్మము పొందిరి.

1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాటికి పోవునప్పటికి పేరయ్య పూర్వపరిచితులును, బంధువులును అనేకులు చుట్టుప్రక్కల పల్లెలనుండి తిండి బత్తెమును, మాఱుబట్టలును మూటగట్టుకొని వచ్చి తోపులో దిగియుండిరి. కొన్నిదినములు బోధ విన్న పిమ్మట వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. మాఱుబట్టలు వెంట తెచ్చుకొనుటనుబట్టి వారు మునుగుటకు నిశ్చయించుకొనియే బయలుదేరిరని తెలియుచున్నది. బోధకుడు రాకమునుపే బోధ చేరినది. గురుశిష్యపరంపరయును, వియ్యపు చుట్టఱికమును, తోళ్ళబేరపు రాకపోకలును దానిని మోసికొనిపోయిన దారులు. ఈ దారులు పల్లెలవే. విదేశీయులు వేసినవి కావు.

ఊరు, పల్లె

మూడు వర్జనముల ఫలమును గ్రహించుటకు మున్ను ఊరికిని మాదిగపల్లెకును గల యొడంబడికను తెలిసికొనవలయును. ఈ యొడంబడిక కాగితముపై లేదు, కళ్ళములో కలదు. మాదిగవాడు రైతునకు చెప్పులు, కాడివార్లు, పలుపులు, మోటబావికి కపిలబాన సమకూర్పవలయును. బాన చినిగిన కుట్టవలయును. ఊరిలో గొడ్డు చచ్చిన నీడ్చుకొనిపోవలయును. జాతరకు, పెండ్లికి, చావునకు డప్పు కొట్టవలయును. అధికారులు వచ్చినపుడు వెట్టి చేయవలయును. ఇందులకు ప్రతిగా పంట నూర్చినపుడు కళ్ళములో వానికి మేర యని కొంత ధాన్యము ముట్టును. చచ్చిన గొడ్డు తోలును మాంసమును వానివే.

ఈ యొడంబడికలో కూలి వేఱు, హక్కు వేఱు, అవమానము వేఱు అని విడదీయుటకు వీలులేదు. మేర హక్కే, కాని దానిని పొందువాడు కళ్ళమునకు దూరముగా నిలిచి చేయి చాపవలయును. కళేబరము వాని సొత్తే. కాని దానిని తినువాడని వానిని అంటరాదనిరి. డప్పు లేక ఊరి దేవత కదలదు. కాని ఆ డప్పు కొట్టువాడు గుడిలో అడుగిడరాదు. ఒక్క పోగును లాగినచో అల్లిక యంతయు కదలునట్టిది ఆ కట్టుబాటు. మూడు వర్జనములు మూడు పోగులను లాగినవి.

మొదటి వర్జనము: ఆదివారపు పని

తెలుగు రైతునకు వారమున కొకదినము పని మానుట యను నాచారము లేదు. అమావాస్యనాడు అరక కట్టని సీమలు కలవు. పండుగలకు ఎద్దులకు విశ్రాంతి కలదు. కాని అవి యెల్ల తిథులనుబట్టియు, పంటకాలమునుబట్టియు వచ్చునవి. ఊరంతటికి నొక్కటిగా వచ్చునవి. క్రైస్తవుల ఆదివారము అట్టిది కాదు. అది ఊరివారు పనిచేయుచుండగా పల్లెవారు మాత్రమే మానెడు దినము. తొలకరి వాన కురిసిన మఱునాడైనను, మోట తోలు ఎండకాలమైనను, వరికుప్పలు నూర్చు దినమైనను ఏడవనాడు అది తప్పక వచ్చును.

రైతు పక్షమునుండి చూచినచో ఈ మొఱ అర్థము లేనిది కాదు. ఆదివారము ఉదయమున కపిలబాన చినిగినచో తోటకు నీరు నిలిచిపోవును. కుట్టువాడు ప్రార్థనకు పోయెను. మడి మాత్రము ఆదివార మెఱుగదు. అందుచే రైతులు కోపించిరి. అయినను వారి కోపమునకు పంటనష్ట మొక్కటియే కారణము కాదు. ఏడాదికి జీతము కుదుర్చుకొన్న పాలేరునకు తనదని చెప్పుకొనదగిన దినమే లేదు. వాని పగలు రైతుది, రాత్రి గొడ్లచావడిది. అట్టివాడు వారమునకొక దినము నాదని పలికినచో, కాలముపై నీకు సర్వాధికారము లేదని యజమానునితో పలికినట్లే. విశ్రాంతిదినమును గుఱించిన ఆజ్ఞలో దాసునకును, దాసికిని, పశువునకును విశ్రాంతి విధింపబడినది. ఆ వాక్యభావము ఒంగోలు పల్లెలలో నెంత సూటిగా తగిలెనో మఱి యెచటను అంత సూటిగా తగిలియుండదు.

ఈ వర్జనమును నిలుపుకొనుటకు వారు చెల్లించిన వెల కొలది కాదు. మేర ఆపుట, కూలి యియ్యకుండుట, బాకీలకై ఒక్కసారిగా ఒత్తిడి చేయుట, అంగడిలో సరకు లమ్మకుండుట, నీటివసతి కడ్డుపడుట, దొంగతనములు మోపుట, కొట్టుట మున్నగునవి క్లౌ వ్రాతలలో మఱల మఱల కనబడును. కరణములును మునసబులును రైతులపక్షమున నుండుటచే పల్లెవారి మొఱ అధికారుల చెవికి చేరుటయే కష్టము. ఆ దారి తెలిసిన బోధకుడొకడు వెనుక నుండుట వారికి బలమైన మాట నిజము. కాని ఆ బోధకుడు ఒంగోలున నుండెను. కళ్ళము పల్లె ప్రక్కనే యుండెను. సోమవారము ఉదయమున రైతు నెదుర్కొనవలసినవాడు పల్లెవాడే.

రెండవ వర్జనము: చచ్చిన గొడ్డు

మూడింటిలో విచారమునకు మిక్కిలి యెడమిచ్చునది ఈ రెండవది. ఆదివారమును, విగ్రహములును దశాజ్ఞలలోనివి. కళేబరభక్షణనిషేధము అట్టిది కాదు. అది ద్వితీయోపదేశకాండమున యూదులకు విధింపబడిన ఆహారనియమములలో కలదు. అచ్చటను అట్టి మాంసమును పరదేశి కీయవచ్చునని యున్నది. ఆహారముచేత మనుష్యుడు దేవునికి సమీపింపడని పౌలు బోధ. కావున క్రైస్తవసిద్ధాంతమునుబట్టి చూచినచో ఈ నిషేధమునకు దశాజ్ఞలకున్న స్థానము లేదు. అయినను ఒంగోలున దీనిని వానిసరసనే నిలిపిరి.

ఇందులకు కారణము గ్రంథములలో గాక గ్రామములో వెదుకవలయును. మాదిగవానిని అంటరానివానిగా నుంచుటకు ఊరు చెప్పు హేతువులలో మొదటిది ఈ యాహారమే. దానిని మానుటతో ఆ హేతువునకు మూలము తెగును. అంతియగాక, మేత కొఱత గల దినములలో గొడ్లు చచ్చినపుడు మాంసమునకై విషము పెట్టిరను నింద తోలుపనివారిపై మోపుట నాటి హిందూదేశమున పలుసీమలలో కలదు. తిననివానిపై ఆ నింద నిలువదు. ఇట్లు ఈ వర్జనమున రెండు భావములు కలిసియున్నవి. ఒకటి ఊరివారి శౌచదృష్టిని అంగీకరించుట. రెండవది ఆ దృష్టితోడనే ఊరివారి తీర్పును కొట్టివేయుట. పైజాతుల ఆచారమును అనుకరించుటయే యిది యని యాక్షేపించువా రుండవచ్చును. కాని అనుకరణమైనచో ఊరు సంతోషింపవలసినది. ఊరు సంతోషింపలేదు. కళేబరమును తినుట మానినవాడు దానిని వెట్టిగా ఈడ్చుటకు మునుపటివలె వచ్చునా యని సందేహించెను.

ఇచ్చట నొక సూక్ష్మవిషయము కలదు. నిషేధింపబడినది మాంసము, తోలు కాదు. లందలో సున్నమును, తంగేడుచెక్కయు వేసి తోలు నానబెట్టుట, రంపెతో కోయుట, ఆరెతో కుట్టుట యథాప్రకారము సాగినవి. పేరయ్య తోళ్ళ వర్తకుడే. పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధమున చెన్నపట్టణమునుండి పదునుచేసిన తోళ్ళ ఎగుమతి పెరుగుచుండెను. తోలుకు మునుపు లేని విలువ వచ్చుచుండెను. పుట్టువృత్తిని అపవిత్రమని విడువుమని క్రైస్తవబోధ పలుకలేదు. అవమానమును వృత్తినుండి విడదీసి, అవమానమును విసర్జించి వృత్తిని నిలుపుకొనుమని పలికినది. ఊరి యొడంబడికలో విడదీయరానివిగా కనబడిన రెండు పోగులను ఈ చిన్న నియమము విడదీసి చూపినది. తోలుపనివాని చేతిపని గౌరవప్రదమైనదని వాదముతో చెప్పినవారు పిమ్మట పెక్కండ్రు కలిగిరి. పల్లెలోని స్త్రీపురుషులు దానిని వంటకుండతో చెప్పిరి.

మఱియు నీ నియమమును మొదట మోసినవారు స్త్రీలు. కూడు వండునది వారు. కఱవునాట బిడ్డ యేడ్చునపుడు లేదని చెప్పవలసినదియు వారే. ఉచితముగా వచ్చు మాంసమును త్రోసివేయుట నిరుపేద యింట సులభమైన ఆచారము కాదు. ఆదివారవర్జనము తోపులోను కళ్ళములోను పదిమంది యెదుట పరీక్షింపబడును. ఇది మాత్రము పొయ్యికడ, ఎవ్వరును చూడనిచోట పరీక్షింపబడును. అందుచేతనే ఇది విశ్వాసమునకు నిక్కమైన గుఱుతుగా పెద్దలు భావించిరి.

మూడవ వర్జనము: డప్పు

విగ్రహములను కొలువరాదను నియమము పండితులకు తత్త్వవివాదముగా తోచును. పల్లెలో దాని స్వరూపము వేఱు. పోలేరమ్మకు, అంకమ్మకు కొలుపు జరుగునపుడు మాదిగవాడు ప్రేక్షకుడు కాడు, కర్మకర్తలలో నొకడు. డప్పు వానిది. బలిపశువునకు సంబంధించిన పను లనేకము వానివి. దేవత పూనిన మాతంగి మాదిగకన్య. ఆ వేళ పెద్ద పెద్ద రైతులు సయితము ఆమె తిట్లను, ఉమ్మిని సహించి నిలుతురు. ఏడాది పొడుగునను అంటరానివాని కులమునకు ఆ యొక్క దినమున దేవతాస్థానము లభించును. కావున కొలుపును విడుచుట అవమానమునే గాక, సమాజ మిచ్చిన యొకేయొక గౌరవమునుగూడ విడుచుటయే. దీనిని గుర్తింపక, మాదిగలకు కోల్పోవుటకు ఏమియు లేకుండెనని వ్రాయు చరిత్రకారులు పొరబడుచున్నారు.

డప్పు మ్రోగని జాతర ఊరివారి కెట్లు తోచియుండునో ఊహింపవచ్చును. మశూచి, విశూచి వ్యాపించిన దినములలో దేవతకు కోపము వచ్చినదని నమ్మినవారికి డప్పు కొట్టననువాడు ఊరి క్షేమమునకే శత్రువు. ఆదివారమున నష్టపడునది ఒక రైతు. కొలుపు ఆగినచో భయపడునది ఊరంతయు. అందుచే ఈ వర్జనమున ఊరి కోపము మిక్కిలి తీవ్రమయ్యెను.

డప్పు మానినవారు పాట మానలేదు. తెలుగు క్రైస్తవుల భజనలలో పాశ్చాత్యస్వరములకంటె దేశీయరాగతాళములే ముందు వేరు నాటుకొనినవి. పురుషోత్తమ చౌదరి (1803-1890) రచించిన కీర్తనలు తెలుగుదేశమున మిషనుల యెల్లలు దాటి వ్యాపించి, చదువురానివారికి వేదపుస్తకముగా నుపకరించినవి. రాజయోగుల తత్త్వములు పాడుకొనిన నోటికి కీర్తన కొత్తది కాదు. పాటకు గురి మాత్రము మాఱినది.

ధాత కఱవు

ఈ మూడు వర్జనములను గైకొన్నవారి నిజాయితిని లోకము శంకించిన కాలము 1876-78 సంవత్సరములనాటి మహాక్షామము. ధాత సంవత్సరమున వానలు తప్పుటచే తెలుగువారు దీనిని ధాత కఱవనిరి. ప్రభుత్వమువారు క్షామనివారణకై బకింగుహాము కాలువను త్రవ్వించుచుండగా, పూర్వము సర్వేపని యెఱిగిన క్లౌ మూడున్నర మైళ్ళ భాగమును గుత్తకు తీసికొని, పల్లెలవారికి పని కల్పించెను. తన బోధకులను మేస్త్రీలుగా నియమించెను. పగలు మన్ను మోసినవారు విశ్రాంతివేళల బోధకులతో మాటలాడిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌ నిరాకరించెను. కూటికొఱకు మతము మాఱిరను నింద తప్పదని యెఱిగి, సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు.

సహాయద్రవ్యము ముగిసి, బహుధాన్య సంవత్సరమున వానలు పడిన పిమ్మట, ఇక ధనసాహాయ్యము లేదని ప్రకటించి, 1878 జూన్ నడుమ బాప్తిస్మము లారంభించెను. జూలై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ యొడ్డున నున్న వెల్లంపల్లికడ 2222 మంది మునిగిరి. తెలుగు బోధకు లార్వురు ఇద్దరిద్దరుగా వంతులవారీ నీటిలో నిలిచి యీ కార్యము నెఱవేర్చిరి. క్లౌ గట్టుననే యుండెను. జూలై చివరకు ఆఱువారములలో బాప్తిస్మము పొందినవారు 8691 మంది. మూడువేలకు కొంచెము మించియున్న ఒంగోలు సంఘము ఆ యేడాది ముగియునప్పటికి పండ్రెండువేలు దాటెను.

ఈ సంఖ్యలను లోకము వింతగా చెప్పుకొనెను. కఱవు పెట్టిన పంట యిదియని కొందఱాక్షేపించిరి. ఆ యాక్షేపణమును పూర్తిగా త్రోసివేయుటకు వీలులేదు. ఆకలిదినములలో తమతో నిలిచినవారియెడ కృతజ్ఞత కలుగుట మనుష్యధర్మము. కాని పూర్తిగా అంగీకరించుటకును వీలులేదు. నీట మునిగిన మఱునాటినుండి వారికి ముట్టినది ధాన్యము కాదు; మూడు వర్జనములు. ఆ వర్జనములు మేరను, కూలిని, ఉచితమాంసమును ప్రమాదమున పడవైచునవి. కూటికై వచ్చినవాడు కూటిని పోగొట్టు నియమమును తలకెత్తుకొనుట తర్కమునకు పొసగదు. కఱవు ద్వారమును తెఱచియుండవచ్చును. లోపల నిలుచుటకు వేఱొక కారణము కావలయును.

పల్లెను విడువని విశేషము

ఒంగోలు పద్ధతిలో మఱియొక విశేషము కలదు. క్రైస్తవులైనవారిని ప్రత్యేకముగా నొకచోట చేర్చి, బోధకుని యంగణముప్రక్కన కొత్తపల్లెలు కట్టించి పోషించుట పలుచోట్ల జరిగినది. క్లౌ సాధ్యమైనంతవఱకు వారిని వారి పల్లెలయందే నిలువుమనెను. పల్లెపెద్దల పంచాయతిని తొలగింపక, తగవుల తీర్పును, సంఘపు కట్టుబాటును వారి చేతులలోనే యుంచెను. బోధకుల జీతములో కొంత పల్లెలవారే భరింపవలయునని ప్రయత్నించెను. ఈ యభిప్రాయములు ఆయన 1910లో మరణించిన పిదప, 1914లో భార్య సమకూర్చి ప్రకటించిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అను గ్రంథమున విపులముగా నున్నవి.

ఈ పద్ధతివలననే వర్జనములకు విలువ కలిగినది. ప్రత్యేకగ్రామమున నున్న క్రైస్తవునకు ఆదివారము పని మానుట సులభము, అడుగువాడు లేడు. ఊరిప్రక్కనే, వెనుకటి రైతుల నడుమనే యున్నవానికి ప్రతి యాదివారమును ఒక నిర్ణయము. వేషమున గాని, భాషలో గాని, వృత్తిలో గాని ఇరుగుపొరుగువారికంటె వేఱుకానివాడు మూడు చోట్ల మాత్రము వేఱై నిలిచెను. ప్రత్యేకత యనగా సర్వమును వేఱుచేసికొనుట కాదనియు, నిలువవలసినచోట నిలుచుటయే యనియు ఈ చరిత్రము చూపుచున్నది.

అయితే ఈ మూడింటి హద్దులును చెప్పక తప్పదు. ఈ వర్జనములు ఊరికిని పల్లెకును నడుమనున్న ముడులను వదులుచేసెను గాని, పల్లెకును పల్లెకును నడుమనున్న గోడను కూల్చలేదు. ఒంగోలు సంఘము మిక్కిలిగా నొక్క కులముదయ్యెను. మాలలును మాదిగలును క్రీస్తునందు ఒక్కటియని పాడినను, వియ్యములలో వేఱుగానే యుండిరి. కులమును కొలువరాదను నాల్గవ వర్జనము బోధలో నుండినను, తక్కిన మూడింటివలె పొయ్యివఱకు రాలేదు. వేగముగా వ్యాపించుటకు చుట్టఱికపు దారులు తోడ్పడినవి. ఆ దారులు తమ గోడలనుగూడ వెంట తెచ్చినవి.

పిమ్మటికాలమున వెల వేఱొక రూపమున వచ్చెను. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల స్థానమును హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడినది, క్రైస్తవులకు విస్తరింపబడలేదు. ఆంధ్రప్రదేశమున వారు వెనుకబడిన తరగతులలోని 'సి' వర్గమున చేర్పబడిరి. తత్ఫలితముగా పెక్కు కుటుంబములలో ఆదివారమునాటి పేరొకటియు, కచ్చేరి దస్త్రములోని పేరొకటియు నయ్యెను. గుండ్లకమ్మలో మునిగిన తాతలు పేరు మాఱకున్నను బ్రదుకు మాఱవలయునని నేర్చిరి. మనుమలకు బ్రదుకు మాఱినను పేరు చెప్పుకొనుట కష్టమైనది.

గుఱ్ఱము జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలము' నందు చర్మకారుడైన అరుంధతీసుతుడు తన మొఱను పరమేశ్వరునికి గబ్బిలముచేత విన్నవించుకొనును. తెలుగుసాహిత్యమున ఆ మొఱ వినబడుటకు ముప్పాతిక శతాబ్దము మునుపే, అదే వృత్తివారు ఒంగోలుసీమలో తమ మొఱను మాటలుగా గాక వర్జనములుగా విన్నవించిరి. ఆదివారమున కాడివారు కుట్టకుండుట, వాకిటికి వచ్చిన మాంసమును వండకుండుట, జాతరనాడు డప్పును మేకుననే యుంచుట అను మూడు పనులు వారి చరిత్రమునకు మూలాధారములు. ఇవి శాసనములకు గాని, దానపత్రములకు గాని ఎక్కినవి కావు. ఆంధ్రదేశపు సాంఘికచరిత్రమును వ్రాయువారు రాజులయేలుబడిని, దేవాలయనిర్మాణములను పరిశోధించునంత శ్రద్ధతో, ఒక పల్లె యేమి చేయుట మానినదో దానినిగూడ పరిశోధింపవలసియున్నది.